కొండ చుట్టు నడక



రజతోత్సవ సమయమున గ్రంథములను గూర్చి ముచ్చటించుట పరిపాటి. నేటి ప్రసంగ విషయము మాత్రము నడక. నడకకును గ్రంథాలయమునకును సంబంధమేమని శ్రోతలు ప్రశ్నింపవచ్చును. అనకాపల్లి చెంతనున్న శంకరము గ్రామపు జంట కొండల చుట్టు ఒక్కమారు తిరిగివచ్చినచో ఆ సంబంధము దానంతట అదియే విశదమగును.

నడక రెండు విధములు. ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవుట పయనము. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చుట ప్రదక్షిణము. పయనములో చూపు గమ్యముపై నుండును. దారి ఎంత త్వరగా తరిగిన అంత మేలు. ప్రదక్షిణమునకు వేరే గమ్యము లేదు గనుక దారియే ఫలము. నడుమనున్న దానిని కుడివైపున నుంచుకొని తిరుగుటయే ఆ పదమునకు అర్థము. అనగా నడచువాడు దానిని అన్ని దిక్కులనుండియు చూచునన్నమాట.

కాళిదాసు రఘువంశ ప్రథమసర్గమున ఈ విషయమునకు ఎంతటి ప్రాధాన్యమిచ్చెనో తెలిసినదే. దిలీప మహారాజు ఇంద్రుని కొలువునుండి మరలివచ్చుచు, ఇంటిపై మనసుండి, కల్పవృక్షపు నీడనున్న సురభికి ప్రదక్షిణము చేయక సాగిపోయెను. అందుచే శాపము తగిలి సంతానము లేనివాడయ్యెను. ఆ దోషము పోవుటకు ఆయన చేయవలసి వచ్చినదేమి? సురభి కూతురగు నందిని వెంట అడవిలో నడచుటయే. తొందరలో విడిచిన నడకను తాళిమితో నడచి తీర్చుకొనవలసి వచ్చినది.

ఇక శంకరము సంగతి. ఆ గ్రామము అనకాపల్లికి సుమారు 3 కిలోమీటర్ల దూరమున నున్నది. 2022 ఏప్రిల్ మాసమున ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోనిది. తూర్పున బొజ్జన్నకొండ, పడమట లింగాలకొండ. రెండును అంత ఎత్తైనవి కావు. చుట్టును వరిమళ్లు. బెల్లపు వ్యాపారమునకు పేరుపడిన సీమ గనుక చెఱకు పంటయు కలదు. శీతకాలమున గానుగ ఆడునపుడు పిప్పి మంటపై పెనములో కాగెడి పాకపు వాసన పొలముల మీదుగా చాలదూరము వ్యాపించును. కొండలను కుడివైపున నుంచుకొని గట్లవెంట నడచుట ఒక సాయంకాలమునకు తగిన శ్రమ. వృద్ధులకును కష్టము కాదు.

లింగాలకొండను చూచినచో గుండ్రని రాతి రూపములు వరుసలు వరుసలుగ కనబడును. తెలియనివారికి అవి శివలింగములవలె తోచును. కొండకు ఆ పేరు వచ్చుటకు కారణమదియే. నిజమునకు అవి కొండరాతినే చెక్కి తీర్చిన బౌద్ధ స్తూపములు. పెద్దవియు కలవు, చిన్నవియు కలవు. బొజ్జన్నకొండ మెట్లెక్కినచో గుహలును, వాని గోడలపై బుద్ధ విగ్రహములును గోచరించును. ఒక గుహను 16 స్తంభములతో తొలిచి, మధ్యన ఏకశిలా స్తూపమును నిలిపి, దాని చుట్టు ప్రదక్షిణమునకు దారి విడిచినారు. కొండ క్రింద రైతు గట్టువెంట తిరుగు తిరుగుడే కొండ కడుపులో భిక్షువులును తిరిగినారు.

1907 ప్రాంతమున అలెగ్జాండర్ రే అను పురావస్తు శాఖాధికారి అచ్చట త్రవ్వకములు జరిపినాడు. శాతవాహనుల నాణెములు, సముద్రగుప్తుని బంగారు నాణెము, తూర్పు చాళుక్య విష్ణువర్ధనుని రాగి నాణెములు బయల్పడినవి. ఈ మళ్ల నడుమకు దేశపు నలుమూలలనుండి రాకపోకలు సాగినవని అందువలన ఊహింపవచ్చును.

ఆ త్రవ్వకములకు పూర్వము ఈ చరిత్రను భద్రపరచిన సాక్షి ఒకటి లేకపోలేదు. అది ఊరి పేరే. బౌద్ధ భిక్షువుల నివాసమునకు సంఘారామమని పేరు. ఆ మాటయే జనుల నోట అరిగి అరిగి శంకరమైనదని పండితుల అభిప్రాయము. భిక్షువులు పోయిరి, విహారములు శిథిలమాయెను. అక్షరము రాని రైతుల నాలుకపై మాత్రము ఆ పేరు శతాబ్దములు నిలిచినది.

అయినను పేరు ఒక్కటియే చాలునా? చాలదని అదే కొండ చెప్పుచున్నది. కనుమనాడు అచ్చట జనులు గుమికూడి, కొండపైనున్న రూపమును రాక్షసునిగా నెంచి రాళ్లు రువ్వుట చిరకాలము ఆచారముగ నుండెను. అహింసను బోధించిన మహాత్ముని స్థానముపై రాళ్లు! ఆ జనులు దుష్టులు కారు. తాతలు చేసినది మనుమలు చేసిరి. పేరు మిగిలినది, అర్థము జారిపోయినది. చదువరులును, ప్రాచీన సంపదను కాపాడువారును, అధికారులును పూనుకొని నచ్చజెప్పిన పిమ్మట ఇటీవలి దశాబ్దములలో ఆ ఆచారము ఆగినది. కాళ్లు పేరును కాపాడినవి. అర్థమును కాపాడుటకు అక్షరము అవసరమైనది. నడకకును గ్రంథాలయమునకును గల సంబంధమిదియే.

శంకరమువలె స్తూపములు లేకున్నను, ప్రతి గ్రామమునకును తనదైన చుట్టుదారి కలదు. చెరువుగట్టు, డొంక, పుంత, వాగు దాటు రేవు, పొలిమేర రాయి, కొండవాలు, ఊరిముందరి రావిచెట్టు: ఇవన్నియు కలిసిన చుట్టు అది. గ్రామపటములో పుంత ఒక సన్నని గీత. పొలములకు సర్వే నంబర్లు కలవు. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టము హద్దురాళ్లకు రక్షణ నిచ్చినది. కాని ఏ పొలమును ఏ పేరుతో పిలుతురో, ఆ పేరెందుకు వచ్చినదో పటమునందు లేదు. అది నడచువారి నోటనే కలదు. నడచువారు తగ్గిన పుంతను ఇరుప్రక్కల నాగళ్లు ఏటేట జానెడు చొప్పున తినివేయును. ఒకనాటికి బండి పట్టదు, మరునాటికి మనిషి పట్టడు. దారితో పాటు పేరును పోవును. పేరు పోయిన పిమ్మట దావా వేసినను సాక్ష్యము దొరకదు.

కావున రజతోత్సవ స్మారకముగ గ్రంథాలయము చేయదగిన పని ఒకటి కలదు. దీనికి చందాలు అక్కరలేదు. ఏటా కోతలైన పిమ్మట ఒక ఉదయమున పెద్దలును బాలురును బాలికలును కలిసి ఊరి చుట్టు ఒక్కమారు నడువవలెను. పెద్దలు ప్రతి గట్టుకును, గుంటకును, రాతికిని పేరు చెప్పవలెను, పిల్లలు వ్రాసికొనవలెను. ఏ పేరు ఎవరు చెప్పిరో, ఏ సంవత్సరమున చెప్పిరో ఆ పుస్తకమున నమోదు కావలెను. భేదాభిప్రాయమున్నచో రెండును వ్రాయవలెను. ఆ పుస్తకమును మహాభారత భాగవతముల ప్రక్కన బీరువాలో నుంచవలెను. అచ్చుపుస్తకము పోయినచో మరియొక ప్రతి కొనవచ్చును. ఈ పుస్తకమునకు రెండవ ప్రతి అంగడిలో దొరకదు.

సంఘారామమును కట్టినవారు తమ పేర్లు నిలుచునో లేదో ఎరుగరు. ఈ ఊరివారికి నిలుపుకొను సాధనము చేతిలోనే యున్నది. రాబోవు కోతలనాటికి తొలి పుట వ్రాయబడుగాక! స్వస్తి.