కనిపెట్టుట అంటే చేతులు ముడుచుకొనుట కాదు



కోటప్పకొండ చుట్టుపక్కల పల్లెలనుండి వచ్చి మంచం ప్రక్కన కూర్చున్న మీలో చాలామంది ప్రశ్న ఒకటే: "దేవుడు ఎందుకింత ఆలస్యం చేస్తున్నాడు?"

డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. ఆమె ఆసుపత్రి తెరచుకొన్నది 1898లో. ఆ 15 ఏళ్లు ఆమె ప్రార్థించి ఊరకుండలేదు. ఇళ్లకు వెళ్లి స్త్రీలకు వైద్యం చేశారు.

దేవునికొరకు కనిపెట్టుట అంటే ఇదే. క్షయరోగికి సాధారణంగా 6 నెలలు మందులు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఆకలి పుడుతుంది. బాగైందని అప్పుడే మానేస్తే జబ్బు తిరగబెట్టి, మందులకు లొంగకపోవచ్చు.

ప్రార్థన మానవద్దు, మాత్రా మానవద్దు. డాక్టరు ఆపమనేదాకా ఓపికతో రోజూ మీ చేత్తో అందించండి. ప్రభువు మీకు తోడైయుండును గాక.