జలాంతర్గామి క్రీడ: వేగము, చమురు

కంప్యూటరుపై ఆడు ఆటలన్నియు ఒక్క తీరువి కావు. కొన్నిటికి చేతి చురుకుదనము చాలును; కొన్నిటికి లెక్క తెలిసియుండవలెను. జలాంతర్గామిని నడపు క్రీడ ఈ రెండవ జాతికి చెందినది. 2005లో ఉబిసాఫ్ట్ సంస్థ వెలువరించిన ‘సైలెంట్ హంటర్ 3’ ఇందుకు మంచి ఉదాహరణము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అట్లాంటిక్ సముద్రములో తిరిగిన జర్మను జలాంతర్గామికి ఇందులో ఆటగాడే నాయకుడు. శత్రువు కంటె ముందుగా అతనిని ఓడింపగలది చమురు కొరత.

ఆ నౌకలలో పెక్కు ‘ఏడవ తరగతి సి’ రకమునకు చెందినవి. ఈ ప్రసంగమున మైలన్నచో సముద్రపు మైలు, అనగా 1,852 మీటర్లు. నీటిపై డీజిల్ యంత్రములతో గంటకు 10 మైళ్ళ చొప్పున సాగినచో ఆ నౌక సుమారు 8,500 మైళ్ళు తిరుగగలదు. దాని గరిష్ఠ వేగము 17 మైళ్ళకు పైచిలుకు. వేగము డెబ్బది శాతము పెరిగినచో చమురును అంతే పెరుగునని తోచును. కాని నీటి నిరోధము ఇంచుమించు వేగము యొక్క వర్గము ననుసరించియు, యంత్రము చూపవలసిన శక్తి ఘనము ననుసరించియు పెరుగును. కావున 10 నుండి 17కు పోయినచో గంటకు కాలు చమురు దాదాపు ఐదు రెట్లగును. మైలుకు కాలునది మూడు రెట్లగును. 8,500 మైళ్ళ ప్రయాణము 3,000 మైళ్ళకు కుదించుకొనిపోవును. ఫ్రాన్సులోని బ్రెస్టు రేవు నుండి న్యూయార్కుకు దూరము ఇంచుమించు అంతయే. పోవుట గలదు గాని, మరలివచ్చుట లేదు!

అట్లని మరీ నెమ్మదిగా పోవుటయు పొదుపు కాదు. దీపములు, పంపులు మున్నగునవి వేగముతో నిమిత్తము లేక శక్తిని తినుచునే యుండును.

నీటి అడుగున డీజిల్ యంత్రములు పనిచేయవు; బ్యాటరీలే ఆధారము. విశాఖపట్నపు తీరమున 2002 నుండి ప్రదర్శనశాలగా నున్న ఐ.ఎన్.ఎస్. కుర్సురాను చూచినవారికి ఈ ఏర్పాటు పరిచితమే. మనము చెప్పుకొనుచున్న జర్మను నౌక నీటి అడుగున గంటకు 4 మైళ్ళ వేగముతో 80 మైళ్ళు పోగలదు. అక్కడ వ్యయమైన విద్యుత్తును నీటిపైకి వచ్చి డీజిల్ కాల్చియే తిరిగి నింపుకొనవలెను.

ఇక తొందరపాటు సంగతి. ఈ క్రీడలో కాలమును 1,024 రెట్లు త్వరగా నడపవచ్చును. 10 మైళ్ళ వేగముతో 3,000 మైళ్ళు పోవుటకు నిజముగా పండ్రెండున్నర దినములు పట్టును. ఆటగాడికి పట్టునది పదునెనిమిది నిమిషములు. 17 మైళ్ళ వేగమున పోయినచో అతనికి మిగులునది ఏడెనిమిది నిమిషములే. ఆ కొద్ది నిమిషములకై చమురంతయు తగులబెట్టుట యుక్తమా?

నాటి నావికులకు ఈ సౌకర్యము లేదు. 1942లో అమెరికా తీరమునకు పోయిన ఈ చిన్న నౌకల వారు కొన్ని మంచినీటి తొట్లలో సైతము చమురు నింపుకొనిరి. ఆ ఏప్రిలులో యు-459 అను జలాంతర్గామి నడిసముద్రమున వారికి చమురందించుట ప్రారంభించినది. ఆ తరగతి నౌకలు పదియు యుద్ధము ముగియకముందే నాశనమైనవి. ఆ వేటలో వేలాది వర్తక నావికులు మరణించిరి. వారిలో భారతీయులును గలరు. ఆట ఆడువారు ఈ సంగతి మరువరాదు.

బయలుదేరుటకు ముందే చమురును మూడు భాగములుగా ఎంచుకొనవలెను: పోవుటకు, వేటకు, మరలుటకు. వేగము మార్చినప్పుడెల్ల, ‘ఈ వేగమున ఎంతదూరము పోగలము?’ అని దారి చూపు అధికారిని అడుగవచ్చును. గరిష్ఠ వేగమును వర్తక నౌకల బారును దాటి ముందుకు చేరవలసిన కొద్ది గంటలకే దాచుకొనవలెను. వేట భాగము తీరిన పిమ్మట ఎంత గొప్ప నౌక ఎదురైనను విడిచిపెట్టి రేవు దారి పట్టుటయే నాయకుని ధర్మము.