నీటికి లొంగని రాయి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సిరామిక్ పదార్థాలతో పనిచేసే ఇంజనీరుగా నాలుగు మాటలు చెప్పమన్నారు. ఊరికి వచ్చినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్ననే తీసుకుంటాను: "అణు వ్యర్థాలను ఎక్కడ దాస్తారు? అవి నీళ్లలో కలవవా?"

ముందుగా ఒక సంగతి. అశ్వాపురం దగ్గరున్న మణుగూరు భారజల కర్మాగారం 1991 నుంచి గోదావరి నీటిలోని భారజలాన్ని వేరుచేస్తోంది. ఆ పనిలో అణు వ్యర్థం పుట్టదు. అక్కడ భయపడాల్సింది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకే. ఈ భారజలం, హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీలో తయారైన ఇంధనం కైగా, రావత్‌భాటా వంటి రియాక్టర్లకు చేరాకే వ్యర్థం పుడుతుంది. వాడిన ఇంధనం నుంచి పనికొచ్చేవి తీసుకున్నాక మిగిలే ద్రవంలోనే ఉంది అసలు చిక్కు.

అందులోని సీసియం-137 అర్ధాయువు సుమారు 30 ఏళ్లు. 300 ఏళ్లు కాపాడితే వెయ్యో వంతే మిగులుతుంది. కంచర్ల గోపన్న భద్రాద్రి రాముడికి గుడి కట్టించి అంతకంటే ఎక్కువ కాలమే అయింది కాబట్టి, ఇది మనిషి ఊహకు అందే లెక్కే. కానీ అందులో కొద్దిగా మిగిలిపోయే ప్లుటోనియం-239 అర్ధాయువు 24,100 ఏళ్లు. అంత వయసున్న గుడి ప్రపంచంలో ఎక్కడా లేదు.

ఇంతకాలం దాచిన వస్తువుకు ప్రధాన శత్రువు నీరే. భూమిలోకి ఊరిన నీరు దాన్ని ఎంత వేగంగా కరిగిస్తుందన్నదే అసలు పరీక్ష. ప్రయోగశాలలో నమూనాను పొడిచేసి, 90 డిగ్రీల నీటిలో 7 రోజులు ఉంచి, నీటిలోకి ఏం దిగిందో కొలుస్తాం. ఫలితాన్ని చదరపు మీటరుకు రోజుకు ఇన్ని గ్రాములు అని చెబుతాం. లెక్క కోసం అది 0.001 గ్రాము అనుకోండి. ఘన సెంటీమీటరుకు 5 గ్రాములు తూగే రాయి అయితే, అదే వేగంతో పదివేల ఏళ్లకు అరిగేది మిల్లీమీటరు కంటే తక్కువ. పిల్లలూ, ఇంటికెళ్లి ఈ లెక్క చేసి చూడండి.

అయితే 7 రోజుల పరీక్షతో పదివేల ఏళ్లకు హామీ ఇవ్వగలమా? ఇక్కడ ప్రకృతే సాక్ష్యం చెబుతుంది. భీమిలి, కళింగపట్నం తీరాల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది. అది సీరియం వంటి లోహాల ఫాస్ఫేట్. అందులో థోరియం, కొద్దిగా యురేనియం కూడా ఉంటాయి. తూర్పు కనుమల రాళ్లలో కోట్ల ఏళ్ల కిందట పుట్టింది. వానలు రాళ్లను అరగదీశాయి, ఏళ్లు మోసుకొచ్చాయి, సముద్రం కడిగింది. అయినా థోరియం దాని గుప్పిట్లోనే ఉంది. లోపలి రేడియోధార్మికత దెబ్బలకు జిర్కాన్ స్ఫటికం క్రమంగా చెదిరిపోతుంది. మోనజైట్ మాత్రం తన్ను తాను సర్దుకుంటుంది. దాన్ని విడగొట్టాలంటే మెత్తగా నూరి, చిక్కటి కాస్టిక్ సోడాలో ఉడికించాలి. కేరళలోని ఆలువలో 1952 నుంచి చేసిన పని అదే.

ఇది చూసే, 1980 ప్రాంతంలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో లిన్ బోట్నర్ బృందం మోనజైట్ వంటి ఫాస్ఫేట్ సిరామిక్‌లో అణు వ్యర్థాలను బంధించాలని ప్రతిపాదించింది. పరమాణువు రాయిలో ఇరుక్కున్న రాయి ముక్క కాదు, ఆ స్ఫటికంలో దానికొక స్థానం ఉంటుంది.

ఫాస్ఫేట్లన్నీ ఇలాంటివని కాదు. సోడియం ఫాస్ఫేట్ నీళ్లలో ఇట్టే కరుగుతుంది. మన పళ్లు కాల్షియం ఫాస్ఫేటే, పులుపు తగిలితే అరుగుతాయి. పైగా వ్యర్థంలో ఎన్నో మూలకాలుంటాయి, స్ఫటికం అన్నింటికీ చోటివ్వదు. గాజు అంత పట్టింపు లేకుండా దాదాపు అన్నింటినీ కలుపుకుంటుంది, తయారీ కూడా తేలిక. అందుకే తారాపూర్, ట్రాంబే, కల్పాక్కంలలో మన దేశం బోరోసిలికేట్ గాజునే ఎంచుకుంది. దీర్ఘాయువు గల ప్లుటోనియం వంటివాటిని విడిగా తీయగలిగితే, వాటికి ఫాస్ఫేట్ సిరామిక్ తగిన ఇల్లు అని నా అభిప్రాయం.

కరెంటు మనం వాడుకుంటున్నాం, కాపలా మాత్రం మన మనవల మనవలకు అప్పగిస్తున్నాం. వాళ్ల అనుమతి అడిగే వీలు మనకు లేదు. కాబట్టి "ఏమీ కాదులే" అని తోసెయ్యకూడదు, "అంతా నాశనం" అని భయపెట్టకూడదు. ఎంత కరుగుతుంది, ఎన్నేళ్లకు, ఏ నీటిలో అని అడగాలి. కొలిచి చెప్పమని నిలదీయాలి. ఆ అలవాటు మనకు ఈ బడి సైన్సు గదిలోనే అబ్బింది.