ఐస్‌లాండ్ చూడబోయేవారికి నాలుగు మాటలు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగం)

మనలో చాలామంది పిల్లలు విదేశాల్లో ఉన్నారు. రిటైరయ్యాక కాళ్లకు చక్రాలు కట్టుకున్నవాళ్లూ తక్కువేం లేరు. అందుకే ఇవాళ ఐస్‌లాండ్ గురించి మాట్లాడతాను.

పేరు చూసి దేశమంతా మంచుగడ్డ అనుకోకండి. మంచు కప్పింది దాదాపు పదో వంతు నేలనే. వైశాల్యం తెలంగాణ కంటే కొంచెం తక్కువ, జనం 4 లక్షల లోపు. దోమలు లేని దేశమని గొప్పగా చెప్పుకునేవారు. 2025 అక్టోబరులో మూడు దోమలు దొరికితే అది ప్రపంచ వార్త అయింది!

ఉత్తర అమెరికా, యురేషియా ఫలకాలు ఏటా సుమారు 2 సెంటీమీటర్లు విడిపోతున్నది ఈ దేశం మీదుగానే. ఆ చీలిక లోయలో, థింగ్వెట్లిర్ అనే చోట, క్రీ.శ. 930లో వాళ్ల పార్లమెంటు మొదలైంది. భూమిలోని వేడితోనే పదింట తొమ్మిది ఇళ్లు వెచ్చబడతాయి. వేడినీళ్ల కుళాయి తిప్పితే మన కెమిస్ట్రీ ల్యాబు వాసన గుప్పుమంటుంది. కంగారు పడకండి, అది హైడ్రోజన్ సల్ఫైడే. ఈతకొలనులో దిగేముందు మాత్రం బట్టల్లేకుండా సబ్బుతో స్నానం చేయాల్సిందే. సిగ్గుపడితే కుదరదు.

ఆ వేడి ఎప్పుడూ చెప్పినట్టు వినదు. 1973 జనవరి 23 అర్ధరాత్రి దాటాక హేమాయి దీవిలో ఊరి పక్కనే నేల చీలి లావా ఎగసింది. అంతకు ముందురోజు తుఫాను వల్ల చేపల పడవలన్నీ రేవులోనే ఉన్నాయి. తెల్లవారేసరికి ఐదువేల మందిలో దాదాపు అందరినీ ఆ పడవలే ఒడ్డు దాటించాయి. లావా రేవును మూసేస్తే ఊరికి బతుకుతెరువు లేదు. అందుకని నెలల తరబడి సముద్రపు నీటిని పంపులతో లావా మీద కొట్టి దాన్ని గడ్డకట్టించారు. వందలాది ఇళ్లు పోయాయి, రేవు మిగిలింది. తర్వాత ఆ లావా వేడితోనే ఏళ్ల తరబడి ఇళ్లు వెచ్చబెట్టుకున్నారు. జలపాతాల కంటే ముందు చూడాల్సింది ఆ ఊరని నా అభిప్రాయం.

రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరానికి మీరంతా ఎలాగూ వెళ్తారు. ప్రశాంతంగా కనిపించే సముద్రం ఉన్నట్టుండి పెద్ద అలను విసురుతుంది. అక్కడ యాత్రికుల ప్రాణాలు పోయాయి. ఎర్రదీపం వెలుగుతుంటే నీటివైపు పోవద్దు. సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగొద్దు. మనవలు బతిమాలినా సరే.

ఇక తెలుగు మాస్టార్ల కోసం ఒక ముచ్చట. వాళ్లు కంప్యూటర్‌ని 'తోల్వా' అంటారు. సంఖ్య అనే మాటనూ, జోస్యం చెప్పే స్త్రీ అనే పాత మాటనూ కలిపి చేసుకున్నారు. అంటే అంకెల సోదెమ్మ అన్నమాట! టెలిఫోనుకు, దారం అనే అర్థమున్న పాతకాలపు పదాన్ని బతికించుకున్నారు. అయినా పిల్లల చేతిలో ఫోనుంది, ఫోనులో ఇంగ్లీషుంది. భాష నిలుస్తుందా అన్న బెంగ అక్కడా ఉంది. 2011 లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 8 కోట్ల పైచిలుకు. వాళ్లు మనలో రెండువందలో వంతైనా లేరు. ప్రతి మాటనూ మార్చాలని నేననను గానీ, కొత్త వస్తువుకు పేరు పెట్టాలన్న ఆ పట్టుదల చూస్తే నాకు అసూయగా ఉంటుంది.

అక్కడ ఎక్కువమందికి ఇంటిపేర్లు లేవు. 1980లో ప్రపంచంలోనే ప్రజలెన్నుకున్న తొలి మహిళా అధ్యక్షురాలైన విగ్దిస్ ఫిన్‌బొగదోత్తిర్ పేరుకు, ఫిన్‌బొగి కూతురు విగ్దిస్ అని అర్థం. ఆమె కూడా ఒకప్పుడు ఫ్రెంచి పాఠాలు చెప్పినావిడే. అచ్చు ఫోన్ డైరెక్టరీ ఉన్న రోజుల్లో అందులో వరుస సొంతపేర్లతోనే ఉండేది. ప్రధానినీ, బళ్లో టీచర్నీ పేరు పెట్టే పిలుస్తారు. ముందు వరుసలో కూర్చున్న మా లెక్కల మాస్టారి ఎదుట ఈ మాట చెప్పడానికే నాకు నోరు రావడం లేదు.