కలిసినమా? కలిపిండ్రా?

(ప్రసంగ పాఠం)



ఇయ్యాల మనం ఒక్క మాట గురించి మాట్లాడుకుందాం. ఆ మాట 'కలుపు'. చిన్న మాటే. కానీ 1956 నుంచి 2014 దాకా మూడు తరాల బతుకు ఈ మాట చుట్టే తిరిగింది. కొలువు పోయినోళ్లు, చదువు ఆగినోళ్లు, ప్రాణాలిచ్చినోళ్లు, అందరి కథలో ఈ మాట ఉన్నది. అందుకే దీని లెక్క తేల్చుకోవాలె.

మన భాషలో రెండు మాటలున్నయి. కలవడం ఒకటి, కలపడం ఇంకొకటి. కలిసేటోళ్లు తమంతట తామే కలుస్తరు. కలపాలంటే మాత్రం పైనుంచి ఇంకొకరి చెయ్యి కావాలె. పప్పులో ఉప్పు కలుపుతం. ఉప్పును అడిగి కలుపుతమా? కలిపే చేతికే ఎంత వెయ్యాలె, ఎప్పుడు వెయ్యాలె అన్నది తెలుసు. 'కలిసినం' అంటే ఆ పని మనది. 'కలిపిండ్రు' అంటే ఆ పని వాళ్లది. ఈ రెండింటి నడుమ ఉన్న తేడానే తెలంగాణ చరిత్ర.

సర్కారు కాయితాల్లో ఇదే పనికి ఇంకో పేరున్నది, విలీనం. సంస్కృతం మాట గాబట్టి పెద్దగ వినపడుతది. దాని అర్థం కరిగిపోవుడు. బోధన్ వాళ్లకు ఇది వేరే చెప్పే పని లేదు. చెంబెడు నీళ్లల్ల పిడికెడు చక్కెర వెయ్యండి. కాసేపటికి నీళ్లు తీపైతయి. చక్కెర ఏదంటే చూపెట్టలేం. చెంబును మాత్రం అందరు నీళ్ల చెంబనే అంటరు. రెంజల్ మండలం కందకుర్తి కాడ మంజీర గోదావరిలో కలుస్తది. అక్కడి దాకా మంజీర, ఆ తర్వాత అంతా గోదావరే. నదికి కొలువు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. గాబట్టి దానికి చెల్లింది. మనుషులకు చెల్లదు.

మన పల్లెల్లో దీనికి ఎదురుగ ఇంకో మాట ఉన్నది, పొత్తు. ఇద్దరన్నదమ్ములకు పొత్తుల బాయి ఉంటది. ఇయ్యాల ఒకరి వంతు, రేపు ఇంకొకరి వంతు. పూడిక తీసే ఖర్చు చెరి సగం. వంతు తప్పితే నలుగురిలో పంచాయితీ పెడతరు. పొసగకపోతే పాలు పంచుకొని వేరు పోతరు. పొత్తులో పేరు పోదు, పాలు పోదు, వేరుపడే హక్కు పోదు. విలీనంలో మూడు పోతయి. పొత్తు అని పిలిచి విలీనం చేసుడే 1956లో జరిగిన సంగతి.

1955లో ఫజల్ అలీ కమిషన్ ఏం చెప్పింది? తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా విడిగ ఉంచుమన్నది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత, ఆ శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే అప్పుడు ఆంధ్రతో కలవొచ్చన్నది. అంటే 'కలవడానికి' దారి చూపెట్టింది. విశాలాంధ్ర కావాలన్నోళ్లు మన తెలంగాణలో గూడ ఉండిరి, ఆ మాట మనం దాచొద్దు. కానీ ఆ ఎన్నికల దాకా ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం అయింది. మార్చి 5న నెహ్రూ మన నిజామాబాద్‌కే వచ్చి ఈ కలయిక సంగతి బహిరంగ సభలో చెప్పిండు. అమాయకపు పిల్లకు తుంటరి పిల్లగానితో పెండ్లి చేస్తున్నం, పొసగకపోతే విడిపోవచ్చు అన్న పోలిక ఆ సభ పేరు మీదనే ఈనాటికీ చెప్పుకుంటున్నం. చూడండి, పెండ్లి అన్నది పొత్తు మాట. విడాకులు గూడ పొత్తు మాటే. మరి నవంబరు 1 నుంచి నడిచిందేంది? మూడు ప్రశ్నలు వేసుకుందాం.

మొదటిది, పేరు ఎవరిది మిగిలింది? ముసాయిదా బిల్లులో కొత్త రాష్ట్రం పేరు 'ఆంధ్ర-తెలంగాణ' అని ఉండె. బిల్లు పార్లమెంటు సంయుక్త కమిటీ చేతిలో పడి బయటికొచ్చేసరికి 'ఆంధ్రప్రదేశ్' అయింది. రాష్ట్రం పుట్టకముందే మన పేరు కరిగింది.

రెండోది, లెక్క ఎవరు రాసిండ్రు? తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే ఖర్చు పెట్టాలన్నది ఒప్పందం. 1969లో జనం రోడ్ల మీదికొస్తే గాని లెక్క తీయలేదు. 1956 నుంచి 1968 మార్చి దాకా కుమార్ లలిత్ కమిటీ తేల్చిన మిగులు 34.10 కోట్లు. జస్టిస్ భార్గవ కమిటీ తేల్చింది 28.34 కోట్లు. రెండు లెక్కల్లో తేడా ఉన్నది గాని, మన పాలు మనకు రాలేదన్న కాడ తేడా లేదు. ఉప ముఖ్యమంత్రి పదవి తెలంగాణకు రావాల్సి ఉండె. నీలం సంజీవరెడ్డి మొదటి మంత్రివర్గంలో అది ఆరో వేలు అయింది. ముల్కీ పోయింది. 1985 డిసెంబరులో 610 జీవో వచ్చింది. అది ఎట్ల అమలైందో ఇక్కడ కూసున్న ఉద్యోగులకు మేం చెప్పాల్నా?

మూడోది, విడిపోయే హక్కు ఉండెనా? పెండ్లి చేసిన్నాడు ఉన్నదన్న హక్కు కోసం 58 ఏండ్లు కొట్లాడినం.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగ చెప్పుకోవాలె. కలుపు అంటే పొలంలో గడ్డి గూడ. ఆ మాటను మనుషులకు అంటగట్టొద్దు. 1931లో నిజాంసాగర్ పూర్తయినంక కాల్వ కింద భూములు కొనుక్కొని కోస్తా నుంచి రైతులొచ్చిండ్రు. బోధన్, వర్ని, కోటగిరి దిక్కు క్యాంపులు వెలిసినయి. వాళ్లను ఎవరూ కలపలేదు, వాళ్లే వచ్చి కలిసిండ్రు. ఒకే తూము నీళ్లు, ఒకే చెరుకు బండ్ల వరుస. మనుషులు కలిసిన కాడ ఉద్యమానికి పేచీ లేదు. పేచీ అంతా అడగకుండ కలిపిన రాజ్యంతోనే.

ఆ చెరుకు పోయిన ఫ్యాక్టరీ సంగతి చూద్దాం. 1937లో పుట్టిన నిజాం షుగర్స్. 2002లో దాన్ని 'జాయింట్ వెంచర్' అన్నరు. అది గూడ కలుపుడు మాటే. 51 పాళ్లు ప్రైవేటుకు, 49 పాళ్లు సర్కారుకు. వినడానికి పొత్తుల బాయి లెక్కనే ఉన్నది. కానీ రైతుకు, కార్మికునికి అందులో వంతు ఏది? 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించిండ్రు. అప్పటికి మన రాష్ట్రం మనకొచ్చి ఏడాదిన్నర. అందుకే అంటున్నం, ఈ ప్రశ్న ఆంధ్ర పాలకులకు మాత్రమే కాదు, మనం ఎన్నుకున్నోళ్లకు గూడ వెయ్యాలె.

2014లో రాష్ట్రం వచ్చిన ఏడాదే ఖమ్మం జిల్లా పోలవరం ముంపు మండలాలు ఏడింటిని ఆంధ్రలో కలిపిండ్రు. అక్కడి ఆదివాసులను ఎవరడిగిండ్రు? అదే విలీనం మాటను 2019లో ఆర్టీసీ కార్మికులు తమ నోటితో పలికిండ్రు. ప్రభుత్వంలో విలీనం చెయ్యాలని 52 రోజులు సమ్మె చేసిండ్రు. ఉద్యోగులను ప్రభుత్వంలోకి తీసుకునే బిల్లు 2023 ఆగస్టులో శాసనసభలో పాసయింది. మాట ఒక్కటే, ఒక కాడ దెబ్బ, ఇంకో కాడ డిమాండు. ఎందుకు? ఇక్కడ కలిసేటోళ్లే అడిగిండ్రు. మాటలో పాపం లేదు. అడిగిండ్రా లేదా అన్న కాడనే పాపం పుణ్యం.

మిత్రులారా! పాలు పంచుకొని వేరు పోయినోళ్లను మన ఊర్లల్ల ఏమంటరు? పాలోళ్లు అంటరు. పగోళ్లు అనరు. పెండ్లికి పిలుచుకుంటరు, చావుకు మైల పట్టుకుంటరు. తెలుగోళ్లం రెండు రాష్ట్రాలైనా పాలోళ్లమే. కలిసుందామని రేపు ఎవరొచ్చి చెప్పినా, ఫ్యాక్టరీ గురించైనా, ఊరు గురించైనా, నీళ్ల గురించైనా, ముందు మూడు సంగతులు అడుగుదాం. పేరెవరిది? లెక్కెవరి చేతిలో? పొసగకపోతే తొవ్వేది? జవాబు చెప్పినోళ్లతో పొత్తు కూడుదాం. చెప్పనోళ్లకు మన నిజామాబాద్ సభను యాది చేద్దాం.

జై తెలంగాణ!