దారి, నీడ – రెండూ ప్రజల హక్కే
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సొసైటీ సభల్లో విద్యార్థుల ఫీజులు, వితంతువుల పింఛన్లు, రంజాన్ రేషన్, వైద్య సహాయం గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. నేను ఈ రోజు రోడ్డు పక్క ముసలి చెట్ల గురించి మాట్లాడతానంటే కొందరికి వింతగా ఉండవచ్చు. కానీ ఆ చెట్ల కింద ఎవరుంటారో ఒకసారి గుర్తు చేసుకోండి. తోపుడు బండి మీద పండ్లు అమ్మే సోదరుడు, పంక్చర్లు వేసే కుర్రవాడు, బస్సు కోసం నిలబడే ముసలమ్మ, బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయే ఆడబిడ్డ, సిరిసిల్లలో సాంచాల చప్పుడులో రాత్రంతా పని చేసి టీ బండి దగ్గర కూర్చునే కార్మికుడు. మన సహాయ దరఖాస్తుల్లో కనిపించే పేర్లూ వీళ్లవే. ఏసీ ఉన్నవాడికి చెట్టు ఒక అందం. ఇంటి మీద రేకులు, వీధిలో బండి మాత్రమే ఉన్నవాడికి చెట్టు ఒక ఆసరా. మే నెలలో మన దగ్గర ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు నీడ లేని చోట గిరాకీ కూడా నిలబడదు.

మన పట్టణాల్లో ముసలి వేపలు, చింతలు, రావులు, మర్రులు ఉన్నాయి. వాటి తర్వాత నాటిన నిద్రగన్నేర్లకు, తురాయిలకు కూడా ఇప్పుడు వయసు మీద పడింది. ఒకవైపు రోడ్డు వెడల్పు కావాలి, మోరీలు కట్టాలి, కరెంటు తీగలు లాగాలి. మరోవైపు గాలిదుమారం వస్తే కొమ్మ ఎవరి మీద పడుతుందోనని భయం. ఈ రెండు కారణాలతో ప్రతి చెట్టు గురించిన ప్రశ్న ఏదో ఒక రోజు మున్సిపల్ కౌన్సిల్ ముందుకు వస్తుంది. ఉంచాలా, తీసేయాలా, వేరే చోటికి తరలించాలా? ఆ రోజు మనం ఏం చెప్పాలి? నా మాటంతా దీని గురించే.

మొదట ఒక సంగతి ఒప్పుకుందాం. చెట్టు కూడా ముసలిదవుతుంది, జబ్బు పడుతుంది, పడిపోతుంది. బడి పక్కన లోపల బోలైపోయిన చెట్టును ప్రేమ పేరుతో ఉంచమనడం దయ కాదు. ఒక బిడ్డ ప్రాణం ముందు ఏ చెట్టూ ఎక్కువ కాదు. కానీ ఏ చెట్టు ప్రమాదమో, ఏది కాదో కంటితో చూసి చెప్పడం కష్టం.

2021లో తెలంగాణ అంతటా వేప చెట్లు చివర్ల నుంచి మాడిపోయాయి. శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులు, దానికి తోడు రసం పీల్చే పురుగు కారణమని శాస్త్రవేత్తలు చెప్పారు. చాలామంది వేప పని అయిపోయిందని అనుకున్నారు. తర్వాత వాటిలో చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. ఎండిందని గొడ్డలి పట్టుకున్నచోట చెట్టు పోయింది. ఓపిక పట్టినచోట నీడ మిగిలింది.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సంగతి మీకు తెలుసు. దాదాపు 700 ఏళ్లదని చెప్పే ఆ మర్రి 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగి పడింది. చెదలు లోపలిదాకా తిన్నాయి. అధికారులు సందర్శకులను ఆపేశారు. 2018లో ఆసుపత్రిలో రోగికి సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి, చెదల మందును చుక్క చుక్కగా చెట్టుకు ఎక్కించారు. బరువైన కొమ్మలకు కింద ఆధారాలు కట్టారు. 2024లో మళ్లీ జనాన్ని లోపలికి అనుమతించారు. ముసలి చెట్టుకు కూడా వైద్యం ఉందని, దానికి ఏళ్లు పడుతుందని మన రాష్ట్రమే చూపించింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ సిరిసిల్ల జిల్లాలోనే ఉంది. కోనరావుపేట మండలం సుద్దాలలో సుమారు 70 ఏళ్ల మర్రిచెట్టు 2021 వానలకు వేళ్లతో సహా కూలిపోయింది. ఊళ్లో ఒకరు దానికి నీళ్లు పోస్తూ వచ్చారు. పడి ఉన్న చెట్టు చిగురు వేసింది. 2022 ఫిబ్రవరిలో దాతల సాయంతో పెద్ద క్రేన్లు తెప్పించి, తంగళ్లపల్లి మండలం జిల్లెల్ల అటవీ ప్రాంతానికి తరలించి మళ్లీ నాటారు. ఇది సంతోషించాల్సిన విషయం. దీనిలో ఒక హెచ్చరిక కూడా ఉంది. ఒక్క చెట్టుకు అంత ఖర్చు, అంతమంది మనుషులు, అన్ని యంత్రాలు కావలసి వచ్చాయి. కాబట్టి ఎవరైనా సభలో లేచి, వంద చెట్లను తరలిస్తాం, ఫికరు పడకండి అంటే, క్రేన్ ఎవరిది, నీళ్లు ఎవరు పోస్తారు, ఎన్నేళ్లు పోస్తారు అని మనం అడగాలి. తరలింపు అన్న మాట నరకడానికి ముసుగు కాకూడదు.

ఇప్పుడు చేవెళ్ల రోడ్డు విషయం. హైదరాబాద్ నుంచి బీజాపూర్ పోయే జాతీయ రహదారిపై, అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా రెండు వైపులా నిజాం కాలం నాటి మర్రిచెట్లు దాదాపు 900 ఉన్నాయి. రోడ్డును నాలుగు వరుసలు చేయాలన్నప్పుడు వాటిని తీసేయాలన్నారు. పౌరులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఏళ్ల తరబడి కేసు నడిచింది. చివరికి రోడ్డు ప్లాన్ మార్చి ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచి, కొన్నింటిని తరలించడానికి ఒప్పుకున్నారు. ఆ ఒప్పందం కుదిరిన కొద్ది రోజులకే, 2025 నవంబరు 3న అదే రోడ్డు మీద మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోయారు. చెట్ల కేసు వల్లే రోడ్డు ఆలస్యమైందని కొందరు కోపంతో అన్నారు. చెట్లను కాపాడినవాళ్లు కూడా ఆ శవాలను చూసి ఏడ్చినవాళ్లే.

అక్కడ ఎవరిది తప్పని నేను తీర్పు చెప్పను. కానీ ఒక్క ప్రశ్న అడుగుతాను. చివర్లో ఒప్పుకున్న ఆ ప్లాన్‌ను మొదటే గీసి ఉంటే ఏమయ్యేది? చెట్లను లెక్కపెట్టి, ఏది ఉండాలి, రోడ్డు ఎటు జరగాలి అని మొదటి రోజే కూర్చుని మాట్లాడి ఉంటే చెట్లూ ఉండేవి, రోడ్డూ ముందే పడేది. మన జగిత్యాల, కోరుట్లల మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి విషయంలోనైనా, ఊరి లోపలి రోడ్ల విషయంలోనైనా మనం నేర్చుకోవలసింది ఇదే. ఆలస్యం చేస్తే చెట్టుకూ నష్టమే, మనిషికీ నష్టమే.

దాచిపెట్టి చేస్తే ఏమవుతుందో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరం చూపించింది. అక్కడి కౌన్సిల్ 2012లో రోడ్ల పనిని 25 ఏళ్లకు ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చింది. ఆ కాంట్రాక్టులోనే 17,500 వీధి చెట్లను మార్చాలన్న లెక్క ఉంది. జనానికి ఆ సంగతి సరిగా చెప్పలేదు. 5 వేలకు పైగా చెట్లు పోయాక, అరెస్టులు, కోర్టు కేసులు అయ్యాక 2018లో నరకడం ఆపారు. 2023లో వచ్చిన విచారణ నివేదిక కౌన్సిల్‌ను గట్టిగా తప్పుపట్టింది. కౌన్సిల్ ప్రజలకు క్షమాపణ చెప్పింది. క్షమాపణతో చెట్లు తిరిగి రాలేదు. జనంతో కలిసి కూర్చుని చూసినప్పుడు, అంతకుముందు తీసేయాలని రాసిన చెట్లలో చాలావాటిని చిన్న మరమ్మతులతో ఉంచవచ్చని తేలింది.

మన చేతిలో ఏముంది? చాలా ఉంది. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అధికారి అనుమతి లేకుండా చెట్టు నరకరాదు. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం పురపాలక బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. ప్రతి వార్డుకు యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు ఉండాలి. ఈ కమిటీల్లో మనవాళ్లు కూర్చోవాలి, మన ఆడపడుచులు కూర్చోవాలి. కొత్త మొక్కకు ఫోటో దిగడం సులువు. పాత చెట్టు గురించి అడగడానికే ఓపిక కావాలి.

కౌన్సిల్‌ను అడగవలసినవి ఐదు మాటలు చెబుతాను.

ఒకటి, ముందు లెక్క. ప్రతి వార్డులో పెద్ద చెట్లన్నిటికీ నంబరు వేసి రిజిస్టరు రాయాలి. జాతి, చుట్టుకొలత, ఆరోగ్యం అందులో ఉండాలి.

రెండు, పరీక్ష. మొదట్లో పుట్టగొడుగులు లేచాయా, చెదలు పట్టాయా, కొడితే బోలు శబ్దం వస్తోందా, చెట్టు ఒరిగి రెండో వైపు నేల పగిలిందా అని తెలిసినవాళ్లు చూడాలి. మన పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల ఉంది. వాళ్లను పిలవవచ్చు. చెట్టు నరికితే కట్టె దక్కే కాంట్రాక్టరు మాట మీద నిర్ణయం జరగకూడదు.

మూడు, చెట్టును మనమే పడగొట్టకపోవడం. వేళ్లలో ఎక్కువ భాగం పై రెండు మూడు అడుగుల మట్టిలోనే ఉండి, కొమ్మల నీడ కంటే దూరం పోతాయి. మోరీ కోసం జేసీబీతో ఒకవైపు వేళ్లన్నీ తెంపుతాం. తీగల కోసం ఒకవైపు కొమ్మలన్నీ కొట్టేస్తాం. మొదట్లో సిమెంటు పోసి నీరు, గాలి ఆపేస్తాం. తర్వాతి గాలివానకు పడితే చెట్టును తిడతాం. చెట్టు చుట్టూ ఒక మీటరు దాకా కాంక్రీటు తీసేయాలని హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఢిల్లీ అధికారులను ఆదేశించింది. ఈ పనికి పెద్ద ఖర్చు లేదు. గడ్డపార చాలు.

నాలుగు, తీసేయక తప్పని చెట్టును విడతలుగా తీయాలి. వీధి మొత్తం ఒకే వారంలో బోడి చేయవద్దు. పాత చెట్ల మధ్యన కొత్తవి నాటి, అవి ఎదిగాక ముసలివాటిని సాగనంపాలి. తీగల కింద కానుగ, పొగడ వంటివి, ఖాళీ ఉన్నచోట వేప, రావి. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ తెచ్చి వీధులు నింపి, తర్వాత వద్దనుకున్న సంగతి మనం చూశాం.

ఐదు, నోటీసు. ఏ చెట్టును ఎందుకు తీస్తున్నారో తెలుగులో, ఉర్దూలో రాసి, ఆ చెట్టుకే కట్టి, జనం మాట వినడానికి కొన్ని రోజులు గడువు ఇవ్వాలి. ఆ నీడలో బండి పెట్టుకునే మనిషిని కూడా పిలిచి అడగాలి. అతనికి ఇంకో నీడ చూపించాకే గొడ్డలి లేవాలి.

కౌన్సిల్‌ను అడిగే ముందు మన ఇంటి లెక్క మనం చూపాలి. మన కబరస్తాన్లలో, ఈద్గాలలో, దర్గాల దగ్గర ఉన్న పాత వేపలు, చింతలు ఎన్ని? వాటి సంగతి ఎవరు చూస్తున్నారు? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో మన సొసైటీ యువకులు ఒక నెల కేటాయించి ఆ చెట్ల రిజిస్టరు రాయాలని నా విన్నపం. అది చేతిలో పట్టుకుని వెళితే కౌన్సిల్ మన మాట వింటుంది.

చివరగా దీన్ మాట. చెట్టు నాటితే దాని నుంచి మనిషి, పక్షి, పశువు తిన్నదంతా నాటినవాడికి సదఖాగా రాయబడుతుందని దైవప్రవక్త (స) బోధించారు. సైన్యాన్ని పంపుతూ పండ్ల చెట్లను నరకవద్దని హజ్రత్ అబూబకర్ (రజి) ఆదేశించారు. మరో బోధన ఉంది, దాన్ని మనం తక్కువగా గుర్తు చేసుకుంటాం. జనం నడిచే దారిని, జనం కూర్చునే నీడను మలినం చేయడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. దారి, నీడ – రెండింటినీ పక్కపక్కనే చెప్పారు. ఈ రోజు రోడ్డు కావాలా, చెట్టు కావాలా అని మనల్ని రెండు పక్షాలుగా నిలబెడుతున్నారు. మన ధర్మం ఆ రెండింటినీ ప్రజల హక్కుగానే చూసింది. ఒకదాని కోసం రెండోదాన్ని పాడుచేసే ముందు పదిసార్లు ఆలోచించమంది.

ఆ చెట్లు నాటినవాళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్లు ఏ కులమో, ఏ మతమో నీడ చెప్పదు. వాళ్ల సదఖా ఇంకా నడుస్తోంది. దాన్ని ఆపే చేతులు మనవి కాకుండా, కొనసాగించే చేతులు మనవి అయ్యేలా అల్లాహ్ మనకు సద్బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.