బందీకి దస్త్రమే సాక్షి

(విజయవాడ సభయందు చేసిన ఉపన్యాసము)



మన కృష్ణా డెల్టాలో ఒక సెంటు భూమికి తగవు వచ్చినచో మన మూరకుందుమా? అడంగలు చూతుము, పాత దస్తావేజులు వెదకుదుము, కాలువగట్టు ఎన్నడు కదలినదో యాబదియేండ్ల వెనుకటి లెక్క తీయుదుము. న్యాయవాదులమగు మేము ఆ పనితోడనే జీవించుచున్నాము. కాని సర్కారు సాయుధబలములకు చిక్కిన మనుష్యుడు ప్రాణములు విడిచినప్పుడు, అతని దస్త్రము నడుగువారెందరు?

1924 మే 7వ తేదీని తలచుకొనుడు. మంపవద్ద అల్లూరి సీతారామరాజు పట్టువడెను. కొయ్యూరులో, మేజరు గుడాలు చేతిలో బందీగా నుండి, తుపాకిగుండ్లకు బలియయ్యెను. పారిపోవ యత్నించినందున కాల్చితిమని సర్కారువారి వ్రాత. చెట్టునకు గట్టి కాల్చిరని మన్యపు జనుల వాక్కు. విచారణ లేదు, వకీలు లేడు, తీర్పు లేదు. పోలీసు నిర్బంధమున మరణించినవానిగూర్చి మేజిస్ట్రేటు విచారింపవలెనని 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 176వ సెక్షనున ఆ ప్రభుత్వమే వ్రాసికొన్నది. అయినను చంపినవారి పక్షమే కాగితమున కెక్కెను. చనిపోయినవాని పక్షము వినుటకు ఏ న్యాయస్థానమును కూర్చుండలేదు.

ఇరువదియొక్క సంవత్సరములు గడచెను. 1945 నవంబరులో ఢిల్లీ ఎఱ్ఱకోటయందు ఆజాద్ హింద్ ఫౌజు అధికారులగు షానవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్‌లపై సైనిక న్యాయస్థానము కూర్చుండెను. ప్రభుత్వ మదియే. కాని విచారణ బహిరంగముగా జరిగెను. భూలాభాయి దేశాయి వాదించెను. ఆ వాదములు పత్రికల కెక్కి దేశమంతట వ్యాపించెను. ద్వీపాంతరవాస శిక్ష విధించియు, 1946 జనవరిలో సేనాధిపతియే దానిని రద్దు చేయవలసివచ్చెను. దొరల మనస్సు మారలేదు. దేశము చూచుచుండెను, అంతే.

అదియంతయు పరపాలన నాటి కథ యందురేమో! పాలకులు మారినను బందీ బందీయే. అతని మాట గోడ దాటదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము 24వ సెక్షను, రెండవ షెడ్యూలులోని గూఢచార, భద్రతా సంస్థలకు మినహాయింపు నిచ్చినది. 1924లో మన్యమునకు దింపబడిన అస్సాం రైఫిల్సు పేరును ఆ షెడ్యూలులో గలదు. అయినను ఆ సెక్షనే ఒక దారి విడిచినది. మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారమునకు ఆ మినహాయింపు వర్తింపదు. కేంద్ర సమాచార కమిషను ఆమోదముతో 45 దినములలో దాని నీయవలెను. నిర్బంధ మరణములపై మేజిస్ట్రేటు విచారణయు 2023 నాటి భారతీయ నాగరిక సురక్షా సంహిత 196వ సెక్షనున నిలిచియున్నది.

సైనికరహస్యములు బయటపడునని కొందరు భయపెట్టుదురు. సేనల కదలికలను, ఆయుధముల లెక్కలను మే మడుగుట లేదు. బందీని ఎప్పుడు పట్టిరి? ఎచట నుంచిరి? వైద్యు డెప్పుడు చూచెను? గాయము లెట్లు కలిగెను? ఇవి రహస్యములా? ధర్మము తప్పని సిపాయికి సైతము ఈ దస్త్రమే రక్ష.

స్వచ్ఛందసేవకులారా! అర్జీ వ్రాయుట నేర్వుడు. జవాబు రానిచో అప్పీలు చేయుడు. నిరక్షరాస్యురాలగు తల్లి తన బిడ్డ యేమయ్యెనని కచేరీ మెట్లమీద కూర్చున్నప్పుడు ఆమె ప్రక్కన కూర్చుండుడు. సెంటు భూమికై మనము చూపు పట్టుదలను మనుష్యప్రాణమునకును చూపుదము. సీతారామరాజు విగ్రహములకు దండలు వేయుచున్నాము. అతనికి దక్కని విచారణను మఱియొక బందీకి దక్కించుటయే అతని ఋణము తీర్చుకొనుట.